ప్రకటనకు పనికొచ్చిన పిల్లలు ప్రశ్నకు పనికిరారా?

ఉత్తర చెన్నైలోని ఒక పాఠశాల వార్షికోత్సవంలో వేయాల్సిన ఏడు నిమిషాల వీడియోను యాజమాన్యం ఆఖరి గంటలో ఆపించింది. తీసింది తొమ్మిదో తరగతి పిల్లలు. అందులో బూతు లేదు, ఎవరి మీదా నింద లేదు. తెల్లవారకముందే చీపురు పట్టుకుని రోడ్డెక్కే పారిశుద్ధ్య కార్మికురాలు ఉంది. ఆ బృందంలోని ఒక అమ్మాయికి ఆమె తల్లి. ఆమె తెలుగులో మాట్లాడుతుంటే కింద తమిళ అక్షరాలు వస్తాయి. ఇది వేస్తే బడి పేరు పోతుందట! ఊరంతా ఊడ్చే మనిషిని చూపిస్తే పోయే పేరు ఏం పేరు?

అదే బడి సోషల్ మీడియా పేజీ నిండా అదే పిల్లల డాన్సులు. అడ్మిషన్ల ఫ్లెక్సీల మీద వాళ్ల ముఖాలే. కెమెరా ముందు నవ్వినంతసేపూ బడికి గర్వకారణం, కెమెరా పట్టుకుని తమ వీధివైపు తిప్పగానే క్రమశిక్షణ లేనివాళ్లు. ఈ రెండు నాల్కల ధోరణిని మేం ఖండిస్తున్నాం.

పరీక్షలు దగ్గరపడుతున్నాయన్నది నిజమే, ఫోను చేతికిస్తే పిల్లలు చెడిపోతారన్న తల్లిదండ్రుల భయమూ ఉంది. కానీ ఫోను ఎప్పుడో వాళ్ల చేతికి వచ్చేసింది. ఎవరో తీసినవి గంటల తరబడి చూస్తే రాని అభ్యంతరం, బడిలో వారానికొక పీరియడు తామే వీడియోలు తీస్తామంటే ఎందుకొస్తోంది?

ఆ ఏడు నిమిషాల వెనక ఎంత చదువు ఉందో చూడండి. ఏమడగాలో పిల్లలు ముందు నోటుబుక్కులో రాసుకున్నారు. మొదటిసారి తీస్తే లారీ హారన్లలో ఆమె మాట వినబడలేదు. ఇయర్‌ఫోన్ మైకును ఆమె కొంగుకు పిన్నీసుతో బిగించి మళ్లీ తీశారు. మిగ్‌జాం తుపానప్పుడు ఇంట్లోకి నీళ్లొచ్చిన సంగతి చెబుతూ ఆమె ఏడ్చేసింది. ఆ ముక్క ఉంచాలా, తీసేయాలా అని ఎడిటింగ్ దగ్గర వాదులాడుకుని, తేలక, చివరికి ఆమెనే అడిగారు. వద్దంది. తీసేశారు. పెద్ద పెద్ద చానళ్లకే అలవడని మర్యాద ఇది.

2023 డిసెంబరులో చెన్నైని ముంచి బాపట్ల దగ్గర తీరం దాటిన ఆ తుపానును ఈ పిల్లలు వార్తల్లో చూసినవాళ్లు కారు, ఆ నీళ్లలో నిలబడ్డవాళ్లు. తమ మీద పడ్డ కష్టంలో ఏది ముందు చెప్పాలో, ఏది చెప్పకూడదో తామే తేల్చుకోవడంలో ఒక ధైర్యం ఉంది. పక్కన నలుగురు కూర్చుని సాయం పడితే అది ఇంకా గట్టిపడుతుంది. 3,000కు పైగా అధ్యయనాలను వడపోసి ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2019లో ఇచ్చిన నివేదిక కూడా మానసిక ఆరోగ్యానికీ పిల్లల ఎదుగుదలకూ కళలు తోడ్పడతాయనే చెప్పింది.

మాధ్యమం ఏదైనా తన భావాన్ని చెప్పుకునే హక్కు బిడ్డకు ఉందని ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడిక 13వ అధికరణం అంటోంది. మన దేశం దానికి 1992లోనే ఒప్పుకుంది. తమిళనాడు ప్రభుత్వం 2022 నుంచి సర్కారు బడుల్లో పిల్లలకు సినిమాలు చూపిస్తోంది, మంచిదే. చూపించడంతో ఆగితే మాత్రం పిల్లలు మళ్లీ ప్రేక్షకులుగానే మిగులుతారు. దేశంలో తొలి క్యాంపస్ కమ్యూనిటీ రేడియో 2004లో మొదలైంది ఈ నగరంలోనే, అన్నా విశ్వవిద్యాలయంలో. తరమణిలో ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. దశాబ్దాల పాటు తెలుగు సినిమాకు అన్నం పెట్టింది ఇక్కడి స్టూడియోల పేటలు కోడంబాక్కం, వడపళని. ఇన్ని ఉన్న ఊళ్లో ఒక తెలుగు అమ్మాయి తన తల్లి మీద తీసిన వీడియోకు తెర దొరకలేదు.

ఇక్కడి తెలుగు సంఘాల పెద్దలకూ ఒక మాట. ఉగాదికి శాలువాలు, సన్మానాలు జరుగుతూనే ఉన్నాయి. ఆ పిల్లలకు మీ హాలు ఒక సాయంత్రం ఇవ్వడానికి ఎవరి అనుమతి కావాలి? ఇంతవరకూ ఒక్కరూ నోరు మెదపలేదేం?

ఇక యాజమాన్యానికి. ఈ ఒక్కటి ఆపి ఊరుకుంటే రేపు ప్రతి బడీ ఇదే దారి పడుతుంది. పొగిడే వీడియోకు స్టేజీ, అడిగే వీడియోకు తాళం. ఆ వీడియోను తల్లిదండ్రులందరి ముందూ వేయండి, తీసిన పిల్లల పేర్లతో సహా. వేయలేమంటారా, అయితే మీ ఫ్లెక్సీల మీంచి, మీ పేజీల్లోంచి ఆ పిల్లల ముఖాలు ఈ రోజే తీసేయండి.