ఐదో సింఫనీకి ఆడిట్ అభ్యంతరం

(హైదరాబాద్‌లో ఒక ఫ్లాట్. సుబ్బారావు గారు ఆడిట్ ఆఫీసర్‌గా రిటైరయ్యారు, ఆడిట్ చేయడం మాత్రం మానలేదు. రమణి గారు కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆవిడ కత్తిపీట ముందు కూర్చుని దొండకాయలు తరుగుతున్నారు. ఆయన సీడీల అలమర ముందు నిలబడ్డారు.)

సుబ్బారావు: ఏమోయ్, నిన్నొచ్చిన పార్సిల్ విప్పి చూశాను. నీ సోవియట్ స్వరకర్త షోస్తకోవిచ్, ఐదో సింఫనీ. అలమరలో చూస్తే షోస్తకోవిచ్, ఐదో సింఫనీ. దాని పక్కన షోస్తకోవిచ్, ఐదో సింఫనీ. దాని వెనకాల...

రమణి: అర్థమైంది లెండి.

సుబ్బారావు: ఒకే సరుక్కి నాలుగు బిల్లులు! సర్వీసులో ఇలాంటివి పట్టుకునే నేను పేరు తెచ్చుకున్నాను.

రమణి: పేరేం రాలేదు, ట్రాన్స్‌ఫర్లు వచ్చాయి. అవి నాలుగూ ఒకటి కాదు. ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టర్‌ని బట్టి, చేసిన ఏడాదిని బట్టి మారతాయి. ఒకటి మ్రావిన్‌స్కీ 1978లో వియన్నాలో చేసిన కచేరీ. ఇంకోటి బెర్న్‌స్టైన్ న్యూయార్క్ వాళ్లతో 1959లో చేసింది. అదే బెర్న్‌స్టైన్, అదే ఆర్కెస్ట్రా, 1979లో టోక్యోలో చేసింది మూడోది. నిన్న వచ్చింది రోస్త్రోపోవిచ్‌ది, 1982, వాషింగ్టన్ ఆర్కెస్ట్రా.

సుబ్బారావు: బెర్న్‌స్టైన్‌ది రెండుసార్లా? మొదటిసారి సరిగ్గా కుదరలేదేమిటి పాపం?

రమణి: ఖరహరప్రియలో ఒకే కీర్తన పదిమంది పాడింది మీరు దాచుకోలేదూ? నేనేమైనా అన్నానా?

సుబ్బారావు: అన్నావు. మొన్న కూడా అన్నావు. అయినా అది వేరు. మన విద్వాంసుడు నెరవు చేస్తాడు, స్వరకల్పన చేస్తాడు, ఇవాళ వేసింది రేపు వెయ్యడు. వీళ్లకి అంతా కాగితం మీద రాసిచ్చేశారాయె. చూసి వాయించే దానికి నాలుగు రకాలేమిటి?

రమణి: గొడవంతా ఆ కాగితం మీదే. చివర విజయోత్సవంలా ఒక ఘట్టం వస్తుంది. దాని వేగం కొన్ని అచ్చు ప్రతుల్లో క్వార్టర్ నోటుకి నిమిషానికి 188 అని ఉంది. కొన్నింటిలో ఎయిత్ నోటుకి 184.

సుబ్బారావు: తెలుగులో చెప్పు.

రమణి: రెండోది సుమారు మొదటి దాంట్లో సగం వేగం.

సుబ్బారావు: (కళ్లజోడు సర్దుకుని కూర్చుంటూ) ఆగాగు. రెండు పుస్తకాల్లో రెండు అంకెలా? ఒరిజినల్ ఎవరి దగ్గరుంది? దిద్దిన చోట సంతకం ఉందా?

రమణి: వచ్చారూ దారికి! పెట్టండి ఆ 1959ది. చివరి ట్రాకు.

(సంగీతం. ఇత్తడి వాయిద్యాలు మోగిపోతాయి. ఆయన ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెడతారు.)

సుబ్బారావు: తొమ్మిది నిమిషాలు పట్టలేదు. భేష్! ఊరేగింపు వీధి మలుపు తిరిగినట్టుంది. ఇంక వేరేవాళ్లెందుకు?

రమణి: ఇప్పుడు రోస్త్రోపోవిచ్‌ది, ఆఖరి ఘట్టం మాత్రం.

(సంగీతం. అవే బాకాలు, అవే డ్రమ్ములు, చాలా నిదానంగా.)

సుబ్బారావు: ఇదేమిటి, కరెంటు తగ్గిందా?

రమణి: కరెంటు బాగానే ఉంది, వినండి.

సుబ్బారావు: వయొలిన్లు ఒకటే స్వరం పట్టుకుని వదలవేం?

రమణి: ఎ నోటు. రెండొందల సార్లకు పైనే వస్తుంది.

సుబ్బారావు: చెప్పిందే రెండొందల సార్లా!

రమణి: అలమర ఖాళీ చెయ్యమని మీరు చెప్పినన్నిసార్లు కాదు లెండి.

సుబ్బారావు: (కాసేపు విని) రమణీ, వీళ్లు సంతోషపడుతున్నట్టు లేదే. సంతోషపడుతున్నారో లేదో అని ఎవరో వెనక నిలబడి చూస్తున్నట్టుంది.

రమణి: (కత్తిపీట మీద చెయ్యి ఆగిపోయింది) ఈ మాట మీకెవరు చెప్పారు?

సుబ్బారావు: ఎవరు చెప్పాలి? ఇన్‌స్పెక్షన్‌కి వెళితే ప్రతి ఆఫీసులోనూ నా ముందు అలాగే నవ్వేవాళ్లు.

రమణి: అసలు సంగతి అదే. 1936 జనవరిలో స్టాలిన్ ఈ షోస్తకోవిచ్ రాసిన ఆపెరాకి, అంటే సంగీత నాటకానికి వచ్చి, పూర్తి కాకుండానే లేచి వెళ్లిపోయాడు. రెండ్రోజులకి పార్టీ పత్రిక ప్రావ్దాలో సంతకం లేని వ్యాసం పడింది. ఇది సంగీతం కాదు, గందరగోళం అని. అప్పట్లో పేపర్లో అలా పడ్డాక మనిషి మిగలడం గ్యారంటీ లేదు. రిహార్సల్స్‌లో ఉన్న నాలుగో సింఫనీని వెనక్కి తీసేసుకున్నాడు. దాన్ని జనం విన్నది 1961లో.

సుబ్బారావు: పాతికేళ్లు పెండింగా!

రమణి: ఆ భయంలో రాసింది ఈ ఐదోది. 1937 నవంబర్ 21న లెనిన్‌గ్రాడ్‌లో మొదటిసారి వాయించారు. కండక్టర్ మ్రావిన్‌స్కీ, ముప్ఫై నాలుగేళ్లవాడు. చప్పట్లే అరగంటట. తర్వాత ఓ పత్రికలో దీన్ని ‘న్యాయమైన విమర్శకు సోవియట్ కళాకారుడి సృజనాత్మక జవాబు’ అన్నారు. ఈయన కాదనలేదు.

సుబ్బారావు: అంటే ఆడిట్ పేరాకి జవాబన్నమాట! నేను రాసిన వందల పేరాల్లో ఒక్కదానికైనా బాకాలతో జవాబు రాలేదు. ‘విషయం పరిశీలనలో ఉన్నది’ అని వచ్చేది.

రమణి: ఆ జవాబు మనస్ఫూర్తిగా రాసిందా, ప్రాణభయంతో రాసిందా అన్నదే తగాదా. వేగంగా వాయిస్తే ఒకటి నిజమనిపిస్తుంది, నిదానంగా వాయిస్తే రెండోది. అందుకే నాలుగు కొన్నాను.

సుబ్బారావు: ఇందులో తేలనిదేముంది? స్వరకర్తనే అడగాల్సింది.

రమణి: 1959లో బెర్న్‌స్టైన్ మాస్కోలో దీన్ని వాయిస్తే ఆయన హాల్లోనే ఉన్నాడు. వేదిక ఎక్కి చెయ్యి కలిపాడు. ఆ అక్టోబర్లోనే బాస్టన్‌లో రికార్డు చేశారు. ఇందాక మీరు భేష్ అన్నది అదే.

సుబ్బారావు: ఇంకేం! అభ్యంతరం డ్రాప్ చేశాం.

రమణి: అప్పుడే చెయ్యకండి. ఊరందరి ముందు కలిపిన చెయ్యి సాక్ష్యమేనా? రోస్త్రోపోవిచ్ షోస్తకోవిచ్‌కి దగ్గరి స్నేహితుడు. 1974లో దేశం వదిలి వచ్చేశాడు. ఆయన చేతిలో ఆ చివరి ఘట్టం సుత్తి దెబ్బల్లా పడుతుంది.

సుబ్బారావు: మరి మొట్టమొదట వాయించినాయన?

రమణి: మ్రావిన్‌స్కీనా? పరిగెత్తడు, ఏడవడు. ముఖం మీద ఏమీ కనిపించనివ్వడు. నాకు ఆయనదే ఎక్కువ భయం వేస్తుంది.

సుబ్బారావు: మరి టోక్యోలో బెర్న్‌స్టైన్ ఎందుకు మాట మార్చాడు? ఈసారి పది నిమిషాలు దాటించాడు. చూశావా, వాంగ్మూలంలో తేడా.

రమణి: ఇరవై ఏళ్లు గడిచాయి కదండీ. పెళ్లయిన కొత్తలో నా చారు అమృతం అన్నారు. ఇప్పుడేమంటున్నారు?

సుబ్బారావు: ఆ ఫైలు ఇప్పుడు తెరవకు.

రమణి: చివరి గోల వదిలేసి మూడో భాగం వినండి. లార్గో, అంటే బాగా నిదానంగా సాగేది. అందరూ వేగం గురించి కొట్టుకుంటారు గానీ ఈ సింఫనీ ప్రాణం అక్కడుంది. మొదటి రోజు హాల్లో జనం ఏడ్చారట.

(సంగీతం. వయొలిన్లు మూడు జట్లుగా విడిపోయి పలచగా, ఒకదాని మీద ఒకటి పరుచుకుంటాయి. ఫ్లూటు ఒంటరిగా పలుకుతుంది. ఆయన స్టాప్‌వాచ్ ఆపడం మరిచిపోయారు. చాలాసేపు ఎవరూ మాట్లాడరు.)

సుబ్బారావు: రమణీ.

రమణి: ఊఁ. చెప్పండి.

సుబ్బారావు: బాకాల వాళ్లు ఒక్కసారి కూడా ఊదలేదు.

రమణి: ఈ భాగంలో వాళ్లకి పనే లేదు.

సుబ్బారావు: మరి ఈ పదిహేను నిమిషాలకీ వాళ్లకి జీతం ఉందా?

రమణి: ఛీ! మీకు వినిపించాను చూడండీ!

సుబ్బారావు: ఊరికే అన్నానే. బాగుంది. నిజంగా బాగుంది. కావాలంటే చప్పట్లు కొడతాను. (కొడతారు)

రమణి: ఇవి మనస్ఫూర్తిగా కొడుతున్న చప్పట్లేనా?

సుబ్బారావు: కత్తిపీట ముందు కూర్చుని అడిగితే ఏమని చెప్పనే?