వంగమనగానే వంగిన నడుము

‘ముందుకు వంగండి’ అన్నారు వైద్యాధికారి. నాకు తెలిసిన హవల్దారు ఒకాయన వంగారు. ఎంత చక్కగా వంగారంటే, పెరేడ్ మైదానంలో ఉస్తాద్ చూసినా తప్పు పట్టలేడు. యూనిట్ నుంచి రాత్రంతా రైల్లో వచ్చి, తెల్లవారుజామున నొప్పి మాత్ర వేసుకున్నారట. నడుముకు కట్టుకున్న బెల్టును గది బయటే విప్పి సంచిలో దాచుకున్నారట, అధికారి ముందు బెల్టుతో నిలబడితే బాగుండదని. ‘నొప్పి ఉందా?’ అని అడిగితే 22 ఏళ్ల అలవాటు కొద్దీ నోటికి వచ్చిన మాట ‘ఠీక్ హై సాబ్’. బయటికి వచ్చాక మాత్రం వరండాలో గోడ పట్టుకుని పది నిమిషాలు, కూర్చోనూ లేక నడవనూ లేక నిలబడిపోయారు. ఆ పది నిమిషాలు ఏ ఫారంలోనూ నమోదు కాలేదు.

ఆయన నిలబడింది పదవీ విరమణకు ముందు జరిగే రిలీజ్ మెడికల్ బోర్డు ముందు. దాని గురించి సైనిక కుటుంబాలకు కొత్తగా చెప్పనక్కర్లేదు. బోర్డు తేల్చేవి రెండు. వైకల్యం ఎంత శాతం? అది సేవ వల్ల వచ్చిందా, కనీసం సేవలో ముదిరిందా? మన వాళ్లంతా మొదటి ప్రశ్న గురించే ఆరాటపడతారు. ఆ ఆరాటానికి కారణం లేకపోలేదు. 2023 సెప్టెంబరుకు ముందున్న నిబంధనల ప్రకారం లెక్క చూడండి. నూరు శాతం వైకల్యానికి పింఛనులో వైకల్య భాగం కింద చివరి జీతంలో 30 శాతం ఇచ్చేవారు. 20 శాతం వచ్చినా దాన్ని 50కి పెంచి లెక్కగట్టేవారు. మామూలుగా పదవీ విరమణ చేసినవారికీ ఇది వర్తిస్తుందని 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే చివరి జీతం 50 వేలున్న జవానుకు 20 శాతం వస్తే నెలకు 7,500 రూపాయలు. 19 వస్తే సున్నా. నడుము నొప్పిలో పంతొమ్మిదికీ ఇరవైకీ మధ్య తేడా కనిపెట్టగల వైద్యుడు ఈ భూమ్మీద ఉంటే నేనే వెళ్లి దండం పెడతాను.

అయినా మనిషిని ముంచేది ఈ అంకె కాదు, రెండో ప్రశ్న. సేవ వల్ల రాలేదు, సేవలో ముదరలేదు అని బోర్డు రాసేస్తే శాతం ఎంత వచ్చినా వైకల్య భాగం రాదు. ‘నైదర్ అట్రిబ్యూటబుల్ నార్ అగ్రవేటెడ్’ అన్న ఆ ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలు కలిపి మాజీ సైనికులు దీన్ని ‘నానా’ అంటారు. నానా తంటాలూ అక్కడి నుంచే మొదలవుతాయి కాబట్టి పేరు బాగానే కుదిరింది.

నడుముకు ఇందులో ప్రత్యేకమైన అన్యాయం ఒకటి ఉంది. కాలు విరిగితే తేదీ ఉంటుంది, ఇంజురీ రిపోర్టు ఉంటుంది, చూసిన సాక్షులు ఉంటారు. నడుము ఒక్కరోజులో విరగదు. వీపున పిట్ఠూ, భుజాన రైఫిలుతో ఎక్కిన కొండలు, ట్రక్కు వెనుక చెక్క బల్ల మీద గుంతల రోడ్డులో కుదిపిన గంటలు, దించిన మందుగుండు పెట్టెలు, ఇవన్నీ కలిసి పదిహేనేళ్లకు ఒక డిస్కును పక్కకు తోస్తాయి. అది నరాన్ని నొక్కుతుంది. పిరుదు నుంచి మడమ దాకా మంట పాకుతుంది. తీరా ఆ నొప్పితో మొదటిసారి ఆస్పత్రిలో పేరు రాయించుకునేది శాంతి ప్రాంతంలో ఉన్నప్పుడు. ఎందుకంటే సరిహద్దులో ఉన్నంత కాలం ఓర్చుకోవడమే ఉద్యోగం. అంతే, ‘శాంతి ప్రాంతంలో మొదలైంది’ అన్న ఒక్క వాక్యంతో కొండలన్నీ లెక్కలోంచి మాయం. ఫారం తేదీ అడుగుతుంది, వెన్నెముక దగ్గర తేదీ లేదు.

చట్టం మాత్రం జవాను పక్షానే ఉంది. నిరూపించే భారం హక్కు అడిగేవారి మీద ఉండదని, సందేహం ఉంటే దాని ప్రయోజనం వారికే దక్కాలని 1982 నాటి నిబంధనలే చెప్పాయి. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని మరింత గట్టిగా చెప్పింది. చేరేటప్పుడు రికార్డులో జబ్బు రాయలేదంటే ఆరోగ్యంగానే చేరినట్టు, తర్వాత వచ్చింది సేవ వల్ల కాదనాలంటే బోర్డు కారణాలు రాయాలి. ఆ కేసు మూర్ఛ వ్యాధిది, కానీ సూత్రం నడుముకూ అదే. 2025లో మరో కేసులోనూ కారణాలు లేని బోర్డు అభిప్రాయం చెల్లదని చెప్పాల్సి వచ్చింది. పన్నెండేళ్ల తర్వాత అదే పాఠం! అదే ఏడాది, సాయుధ బలగాల ట్రైబ్యునల్ ఇచ్చిన వైకల్య పింఛన్ల మీద కేంద్రం వేసిన దాదాపు 300 పిటిషన్లను ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. ఒక్కో పిటిషన్ వెనుక ఒక్కో నడుమో, గుండెకాయో, చెవో ఉంది.

దుర్వినియోగం లేదా అంటే ఉంది. 2023లో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ నివేదిక ప్రకారం విరమించే ఆఫీసర్లలో మూడో వంతుకు పైగా వైకల్య పింఛనుతో వెళ్లారు, జవాన్లలో అయిదో వంతు కూడా లేరు. రక్తపోటు, మధుమేహం పేరుతో పింఛను ఏమిటన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ దానికి మందు కూడా కారణం రాయడమే. కారణం రాయాల్సి వస్తే దొంగ జబ్బూ బయటపడుతుంది, నిజమైన నొప్పీ బయటపడుతుంది. ఎక్కువ తీసుకున్నది ఆఫీసర్లయితే చేతులు కట్టుకుని నిలబడాల్సింది జవానా?

అమెరికాలో మాజీ సైనికుల నడుమును గోనియోమీటర్ అనే కోణమానినితో కొలుస్తారు. మామూలు మనిషి నడుము 90 డిగ్రీలు వంగుతుంది. 60 దాటి వంగకపోతే 20 శాతం, 30 దాటి వంగకపోతే 40 శాతం. అదీ యాంత్రికమైన పద్ధతే. కానీ అక్కడి కోర్టులు దానికి ప్రాణం పోశాయి. పదేపదే వంగాక వచ్చే నొప్పి, అలసట కూడా లెక్కలోకి రావాలని 1995లో అన్నాయి. పరీక్ష రోజు నొప్పి తిరగబెట్టకపోయినా, తిరగబెట్టిన రోజుల్లో ఎంత వంగగలడో అంచనా వేయాల్సిందేనని 2017లో అన్నాయి. మన హవల్దారు మాత్ర వేసుకుని వచ్చిన ఉదయం అక్కడైతే కనీసం ఒక ప్రశ్నకు దారితీసేది.

అసలు ఈ శాతాల రోగం సైన్యానిది మాత్రమే కాదు. సదరం శిబిరాల దగ్గర తెల్లవారకముందే బారులు తీరేవాళ్లను చూడండి. అక్కడ గడప 40. ముప్పై తొమ్మిది వచ్చినవాడు చట్టం కళ్లకు దిట్టమైన మనిషి. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగ పింఛన్ల పునఃపరిశీలన జరిగినప్పుడు, ఏళ్లుగా పింఛను తీసుకుంటున్నవారు మళ్లీ డాక్టర్ల ముందు నిలబడి తమ కాలు ఇంకా మొలవలేదని చూపించుకోవాల్సి వచ్చింది. పౌరుడు అబద్ధమాడుతున్నాడన్న అనుమానంతో మొదలయ్యే పాలన చేతికి ఏ పరికరం ఇచ్చినా, అది కొలిచేది నొప్పిని కాదు, మన ఓపికను. పశ్చిమ గోదావరి జిల్లాలోని మిలటరీ మాధవరం నుంచి సైన్యానికి తరాలుగా కొడుకులను పంపింది ఈ అనుమానం కోసం కాదు.

మొన్న ఆ హవల్దారు తన బోర్డు కాగితాల నకలు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ట్రైబ్యునల్ చెన్నై బెంచికి వెళ్లాలా వద్దా అని సలహా కోసం. కారణం రాయాల్సిన గడిలో ‘డీజెనరేటివ్’ అని ఒకే ఒక్క మాట ఉంది. దాన్ని తెలుగులో ఏమంటారని అడిగారు. అరుగుదల అన్నాను. ఆయన కుర్చీలోంచి లేస్తూ, బెల్టు బిగించుకుని, మళ్లీ కాగితం వైపు చూశారు. ‘ఏం మోసి అరిగిందో రాయలేదే’ అన్నారు.