పాత భవనం ముందు, కొత్త విభాగం తర్వాత

చారిత్రక కట్టడంలో కొంత, పక్కనే కట్టిన కొత్త భవనంలో కొంత నడిచే ఆర్ట్ మ్యూజియాల్లో టికెట్ కౌంటర్ సాధారణంగా కొత్త వైపే ఉంటుంది. జనం చూడటం కూడా అక్కడే మొదలుపెడతారు. పాత భవనానికి చేరేసరికి కాళ్లు లాగేస్తుంటాయి, పొద్దు వాలిపోతుంది. ఈ వరస తిరగెయ్యడమే మేలు. కొత్త గదుల్లో దీపాల వెలుతురు ఏ వేళకైనా ఒకటే. పాత గదులకు చాలాచోట్ల కిటికీలే దిక్కు.

కొత్త విభాగంలో మసకగా ఉందని విసుక్కునేవాళ్లు ఎక్కువ. అది పొదుపు కోసం కాదు. కాగితం, బట్ట, నీటిరంగుల మీద 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) మించి వెలుతురు పడనివ్వరు. నూనెరంగులకైతే 200 దాకా ఫర్వాలేదు. వెలుతురు చేసే నష్టం ఏళ్ల తరబడి పోగవుతుందే తప్ప మానదు. అందుకే కాగితపు బొమ్మలను కొన్ని నెలలు చూపించి లోపల పెట్టేస్తారు. ఫలానా బొమ్మ కోసమే వెళ్తుంటే, అది ప్రదర్శనలో ఉందో లేదో ముందే కనుక్కోవాలి. ఎండలోంచి వచ్చినవాళ్లు ఆ గదిలో అయిదు నిమిషాలు ఊరికే నిలబడితే కళ్లు సర్దుకుంటాయి.

పాత భవనం కింది అంతస్తులో రాతి శిల్పాలే కనిపిస్తే కాలక్రమం అనుకోనక్కర్లేదు. చెక్క దూలాల పై అంతస్తు ఆ బరువు మోయలేదు. మందపాటి గోడల్లో తేమ మరో బెడద. చెక్కపలక మీద వేసిన చిత్రం తేమకు ఉబ్బి, ఆరితే ముడుచుకుంటుంది, రంగు పెచ్చులు లేస్తుంది. బయటిగోడ మీది చిత్రాన్ని పక్కనుంచి చూడండి. ఫ్రేము వెనక గాలి ఆడేందుకు సందు వదిలి ఉంటే అక్కడ పని తెలిసినవాళ్లున్నట్టే.

రెండు కాలాలు కలిసేచోట అతుకు దాచడం నా దృష్టిలో తప్పు. ఇటలీలోని వెరోనాలో 14వ శతాబ్దపు కాస్తెల్‌వెక్కియో కోటను మ్యూజియంగా తిరగదిద్దిన వాస్తుశిల్పి కార్లో స్కార్పా, కొత్త నేలను పాత గోడలకు తగలనివ్వలేదు. అంచు వెంట గాడి వదిలాడు. ఏది ఎప్పటిదో కాళ్ల దగ్గరే తెలిసిపోతుంది.

అయితే నేలమట్టాలు కలవకపోతే ఇబ్బంది వీల్‌చెయిర్ వాళ్లది. 1:12 వాలు, అంటే ఒక వంతు ఎత్తుకు పన్నెండు వంతుల పొడవు లెక్కన అర మీటరు ఎత్తుకు 6 మీటర్ల ర్యాంపు కావాలి, పాత నడవాలో అంత చోటెక్కడిది? ‘వీల్‌చెయిర్ సౌకర్యం కలదు’ అన్న బోర్డు ఒక్కోసారి కొత్త విభాగానికే వర్తిస్తుంది. లిఫ్ట్ ఏ గదుల దాకా వెళ్తుందో టికెట్ కొనకముందే అడగాలి. అసలు ఆ సంగతి కౌంటర్ దగ్గరే రాసిపెట్టాల్సింది మ్యూజియం వాళ్లు.