జూన్‌లో వెళ్లే టీములు, జనవరిలో ఉండే ఆకలి

అమెరికాలో స్కూళ్లకు, కాలేజీలకు సెలవులివ్వగానే మలావీ, ఉగాండా, కెన్యా పల్లెలకు చర్చి టీములు బయల్దేరతాయి. అందరికీ ఒకే రంగు టీషర్టులు, రెండు వారాల ప్రోగ్రాం, పిల్లలకు వీబీఎస్ (సెలవుల్లో నడిపే బైబిలు బడి), ఒక స్కూలు గోడకు రంగు, ఒక మెడికల్ క్యాంపు, తిరిగొచ్చాక ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు. 2005 నాటి సర్వేను బట్టి ప్రిన్స్‌టన్ సామాజికశాస్త్రవేత్త రాబర్ట్ వుత్నౌ వేసిన అంచనా ప్రకారం ఇలా విదేశాలకు వెళ్లే అమెరికా చర్చి సభ్యులు ఏడాదికి 16 లక్షల మంది. అమెరికాలో స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా వెళ్తున్నారు. ఆ పిల్లల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, నేను చెప్పేదంతా వాళ్లను తీసుకెళ్లే లీడర్లకే. ఈ ట్రిప్పులు ఆపండి.

ముందు తేదీల సంగతే చూడండి. మలావీలో వానలు నవంబరు ప్రాంతంలో మొదలవుతాయి, మొక్కజొన్న కోతలు ఏప్రిల్, మే నెలల్లో. పాత గింజలు అయిపోయి, కొత్త పంట ఇంకా చేలోనే ఉండే జనవరి, ఫిబ్రవరి నెలలు అక్కడి పల్లెకు గడ్డుకాలం. రెండు పూటలా న్సీమా (మన సంకటి లాంటిదే, మొక్కజొన్న పిండితో వండుతారు) తినే ఇల్లు ఒక్క పూటకు దిగుతుంది, దోమలు, మలేరియా కూడా ఆ వానల్లోనే ఎక్కువ, మట్టి రోడ్లు తెగి ఆసుపత్రికి పోవడమే కష్టమవుతుంది. టీము మాత్రం జూన్‌లో దిగుతుంది. అప్పటికి కోతలు అయిపోయి ఇంట్లో గింజలుంటాయి, వాతావరణం చల్లగా, పొడిగా ఉంటుంది, రోడ్డు బాగుంటుంది. జనవరిలో ఎందుకు వెళ్లరంటే అప్పుడు కాలేజీలు నడుస్తుంటాయి గనక. ఊరి అవసరాన్ని బట్టి కాక మన సెలవులను బట్టి తేదీ ఖాయమయ్యే పనిని పరిచర్య అని ఎలా పిలుస్తాం?

ఇక నీళ్ల పంపు. మలావీ పల్లెల్లో ఎక్కువగా కనిపించేది అఫ్రిదేవ్ అనే చేతిపంపు. ఊళ్లోవాళ్లే విప్పి బాగుచేసుకునేలా దాన్ని తయారుచేశారు. లోపలి రబ్బరు సీలు అరిగితే నీళ్లు ఎక్కవు, కొత్త సీలు వేస్తే మళ్లీ వస్తాయి, నేర్పితే ఊరి నీటి కమిటీలో ఉన్న ఆడవాళ్లు ఆ పని చక్కగా చేస్తారు. అయినా సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికా దేశాల్లో దాదాపు మూడో వంతు చేతిపంపులు పనిచేయడం లేదని 2009లో గ్రామీణ నీటి సరఫరా నెట్‌వర్క్ లెక్క తేల్చింది. పాత పంపుకు సీలు కొనిస్తే స్లయిడు మీద చూపించడానికి ఏముంటుంది? కొత్త బోరు తవ్వి, చర్చి పేరుతో పలక పెట్టి, చుట్టూ పిల్లలను నిలబెడితే ఫొటో వస్తుంది. అసలు జబ్బు ఇక్కడే ఉంది. లీడరు లెక్క చెప్పాల్సింది డబ్బిచ్చిన సంఘానికి, ఆ ఊరికి కాదు. కాబట్టి ఏ పని చేయాలన్నది కూడా డబ్బిచ్చినవాళ్లకు ఏం చూపించగలం అన్నదాన్ని బట్టే తేలుతుంది. లీడరు ఎంత మంచివాడైనా, ఎంత ప్రార్థన చేసుకుని బయల్దేరినా ఇది మారదు.

వెళ్లొచ్చిన పిల్లల మనసు మారుతుంది, జీవితాంతం ఇచ్చేవాళ్లవుతారు అంటారు. హోండురస్‌లో 1998 మిచ్ తుపాను తర్వాత ఇళ్లు కట్టడానికి వెళ్లిన ఉత్తర అమెరికా టీములను సామాజికశాస్త్రవేత్త కర్ట్ వెర్ బీక్ అధ్యయనం చేశాడు. ప్రయాణ ఖర్చులతో కలిపి ఒక్కో ఇంటికి సుమారు 30,000 డాలర్లు పడింది, అదే ఇల్లు స్థానిక సంస్థలు 2,000 డాలర్లకు కట్టగలవు. వెనక్కి వచ్చాక ఆ టీములవాళ్లు ఇచ్చే కానుకల్లో చెప్పుకోదగ్గ మార్పూ కనిపించలేదు. మలావీ రాజధాని లిలాంగ్వేకు టికెట్టు ఇంకా ఎక్కువే.

ఈ మాట బయటివాళ్లు చెప్పాల్సిన పని కూడా లేదు. కెన్యా ప్రెస్బిటేరియన్ నాయకుడు జాన్ గాటు 1971లో అమెరికాకే వెళ్లి, మిల్వాకీ సభలో, కొన్నేళ్లపాటు మిషనరీలను పంపకండి, మా కాళ్ల మీద మమ్మల్ని నిలబడనివ్వండి అన్న అర్థంలో అడిగాడు. 1974లో జాంబియా రాజధాని లుసాకాలో అఖిల ఆఫ్రికా చర్చిల సభ ఆ పిలుపును బలపరిచింది, మనుషులతోపాటు డబ్బు కూడా వద్దంది. నేను అంత దూరం వెళ్లను. డబ్బు వెళ్లాలి, దాని మీద పెత్తనం మాత్రం వెళ్లకూడదు.

మనకు ఇది ఇంకా బాగా అర్థం కావాలి, ఎందుకంటే మనం రెండు వైపులా నిలబడ్డవాళ్లం. విదేశీ అతిథులు వస్తున్నారంటే మన కోస్తా పల్లెల్లో పిల్లలకు ఉతికిన బట్టలు తొడిగి, చేతికి బంతిపూల దండ ఇచ్చి, ఎండలో గంటలకొద్దీ లైన్లో నిలబెట్టడం చూడని విశ్వాసి ఉంటాడా? ఊరి పాస్టరు గారికి ఆ రోజంతా టెన్షనే, ఫొటోలో ఎంతమంది పిల్లలు కనిపిస్తే వచ్చే ఏడాది సాయం అంత ఖాయం. అలా దండ పట్టుకుని నిలబడ్డవాళ్ల పిల్లలే ఈరోజు డల్లాస్ నుంచి కెమెరా పట్టుకుని ఇంకో ఊరికి వెళ్తుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఇంకో పద్ధతి కూడా మన దగ్గరే జరిగింది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్న మాదిగలకు పని చూపించి కూలి ఇచ్చాడు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ కరువులో నెలల తరబడి బాప్తిస్మాలే ఆపేశాడు. అప్పటికి ఆయన తెలుగు నేలమీదికి వచ్చి పదేళ్లు దాటింది, తెలుగు వచ్చు, ఏ పల్లెలో ఎవరి మాట చెల్లుతుందో తెలుసు. గోడకు రంగు వేయడానికి పదిహేను మంది కాలేజీ పిల్లలను విమానంలో తీసుకెళ్లే లీడరు, అదే ఊళ్లో పని లేక కూర్చున్న పెయింటరు కూలిని లాక్కుంటున్నాడు.

వచ్చే ఏడాది ట్రిప్పు ప్లాన్ చేస్తున్న లీడర్లు టికెట్లు, హోటళ్లు, వీసాలు, టీషర్టులు కలిపి మొత్తం ఖర్చు ఎంతో ఒక కాగితం మీద రాసి, అక్కడి సంఘపెద్దలకు వాళ్ల భాషలో పంపండి. ఈ డబ్బుతో మేం రావాలా, ఇది మీ చేతికే ఇవ్వాలా అని అడగండి. ఏం చెప్పినా సాయం ఆగదని ముందే రాసివ్వండి, లేకపోతే వాళ్లు మొహమాటానికి రమ్మనే అంటారు. డబ్బే పంపమంటే, ఫొటోలు అడక్కుండా జనవరికి ముందే పంపేయండి.