శ్రీహరికోట: కంచె కాపాడలేని నీరు

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మీదుగా సాగుతుంది. జనవరిలో ఆ దారిన వెళితే రెండు వైపులా లోతు లేని నీరు, అందులో ఫ్లెమింగోల గుంపులు కనిపిస్తాయి. కాళ్లతో బురద కెలుకుతూ, వంచిన ముక్కును తలకిందులుగా నీటిలో ఉంచి మేస్తుంటాయి. మే నెలలో చూస్తే సరస్సు ఉత్తర భాగంలో నెర్రెలిచ్చిన నేల, దాని మీద ఉప్పు పొర.

శ్రీహరికోట అనగానే మనకు రాకెట్టే గుర్తుకొస్తుంది. నిజానికి అది పులికాట్‌కూ బంగాళాఖాతానికీ నడుమ కదురులా పొడవుగా సాగిన ఇసుక ద్వీపం. సముద్రపు అలలకు అది అడ్డు నిలిచింది కాబట్టే వెనుక సరస్సు ఉంది. ఇక్కడ నైరుతి కంటే ఈశాన్య రుతుపవనాలే ఎక్కువ వాన కురిపిస్తాయి. ఆ వానలకు కాళంగి నది వరద తోడై సరస్సులో ఉప్పదనం తగ్గుతుంది. ఎండలు ముదిరితే మళ్లీ పెరుగుతుంది. చేపలు, రొయ్యలు, పక్షులు అన్నీ ఈ హెచ్చుతగ్గులకు అలవాటు పడి బతుకుతున్నాయి.

1969లో ఈ ద్వీపాన్ని రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు. తూర్పున అంతా సముద్రం, భూమధ్యరేఖ మరీ దూరం కాదు. 1971 అక్టోబరులో తొలి రోహిణి రాకెట్ ఇక్కడి నుంచి ఎగిరింది. అంతకుముందు ద్వీపంలోని అడవిని నమ్ముకుని యానాది గిరిజనులు బతికేవారు. కేంద్రం రాకతో వారి జీవనం చెదిరింది. దేశ ప్రయోజనం పేరుతో ఆ నష్టాన్ని తక్కువ చేసి చూడటం న్యాయం కాదు. మరోవైపు, జనం రాకపోకలు ఆగడంతో కోరమాండల్ తీరంలో దాదాపు కనుమరుగైన పొడి సతతహరిత అడవి ఇక్కడ మిగిలింది.

అడవికి కంచె ఉంది, సరస్సుకు లేదు. సముద్రపు నీరు లోపలికి వచ్చే ముఖద్వారాల్లో ఇసుక మేట వేస్తోంది. నీటికి అడ్డంగా వేసిన రోడ్డు ఉత్తర భాగానికి ప్రవాహాన్ని తగ్గిస్తోంది. వల ఖాళీగా వచ్చే మత్స్యకారుడికి ఇది పర్యావరణ చర్చ కాదు, ఆ పూట తిండి. దగ్గర్లోని నేలపట్టు పక్షి కేంద్రంలో చెట్లపై గూళ్లు కట్టే గూడబాతులు (పెలికాన్లు) పిల్లలకు చేపలు తెచ్చేదీ ఈ సరస్సు నుంచే. ఏటా పక్షుల పండుగ జరపడం సంతోషమే. అయితే ఆ శ్రద్ధ పూడికతీత మీద, రోడ్డు కింద తూములు వెడల్పు చేయడం మీద కూడా కనిపించాలి. ఆ పనులు ఈశాన్య వానలు మొదలయ్యేలోగా పూర్తయితేనే ఆ ఏటి నీరు సరస్సుకు దక్కుతుంది.