గుండె సరే, కాళ్ల సంగతేంటి?
యూనివర్సిటీవారి గుండె, రక్తనాళాల పరిశోధన కేంద్రం గురించి మీ పత్రికలో రాసిన వ్యాసం బాగుంది. కానీ అంతా స్టెంట్ల చుట్టూనే తిరిగింది, కాళ్ల ఊసే లేదు. మా గుంటూరు మిర్చి యార్డులో చూడండి, కొందరు నాలుగడుగులు వేయగానే పిక్క పట్టేసిందని బస్తా మీద కూలబడతారు. కాసేపాగితే నొప్పి తగ్గుతుంది, మళ్లీ లేస్తారు. వాతం అంటూ ఆయింట్‌మెంట్ రాస్తారు గానీ చుట్ట మాత్రం మానరు (అడిగితే కోపం కూడా!). అది కాలి రక్తనాళం పూడుకుపోతున్న లక్షణం కావచ్చు. చీలమండ దగ్గర కొలిచిన పై బీపీని (రెండు అంకెల్లో పెద్దదాన్ని) చేతి పై బీపీతో భాగిస్తే 0.9, అంతకన్నా తక్కువ వస్తే అనుమానించాల్సిందే. సూదీ లేదు, కోతా లేదు. ఇలాంటివాళ్లకు గుండెపోటు, పక్షవాతం ముప్పు కూడా ఎక్కువే. కాబట్టి పరిశోధకులు యార్డు గేటు దగ్గర ఒక పూట బల్ల వేసుకుని కూర్చుని ఈ పరీక్ష చేస్తే బాగుంటుంది.