ఒసిరిస్‌కి 'స్కిన్ కలర్' వెయ్యాలంట!

మా అక్క కూతురు ఆరో తరగతి. ఏన్షియంట్ ఈజిప్ట్ మీద చార్ట్ చేసుకు రమ్మన్నారని అక్కడి దేవుడు ఒసిరిస్ బొమ్మ గీసి, మొహానికీ చేతులకీ శుభ్రంగా ఆకుపచ్చ రంగేసి పట్టుకెళ్ళింది. మధ్యాహ్నం చార్ట్ వెనక్కొచ్చింది, ఎర్ర పెన్నుతో రౌండ్ చుట్టి "మనుషులు గ్రీన్‌గా ఉండరు, స్కిన్ కలర్ వెయ్యి" అని. నా బీపీ ఇంకా దిగలేదు.

మేడమ్ గారూ, ఆయన మనిషి కాదండీ, చచ్చి మళ్ళీ లేచిన దేవుడు! ఆకుపచ్చ అంటే ఆ ఈజిప్టోళ్ళకి మొలక, పంట, మళ్ళీ పుట్టుక. లగ్జర్ దగ్గర నెఫర్తారి రాణి సమాధి 1904లో బయటపడింది, దాదాపు 3200 ఏళ్ళ నాటి ఆ గోడల మీద ఒసిరిస్ ఇప్పటికీ ఆకుపచ్చగానే ఉన్నాడు, వెళ్ళి ఆయన్నీ ఎర్ర పెన్నుతో చుట్టి రండి. కొన్నిచోట్ల నల్లగా కూడా వేశారు, ఎందుకంటే నలుపంటే నైలు వరద వదిలెళ్ళే ఒండ్రుమట్టి, వాళ్ళకి కూడు పెట్టిందే అది, దేశాన్ని పిలుచుకున్న పేరే 'కెమెట్', నల్లనేల. (పండక్కి నల్ల చొక్కా వేసుకుంటే మా మేనత్త చేసే గోల ఇంకో పోస్ట్‌కి సరిపోద్ది.) ఈజిప్టోళ్ళు జంకేది ఎరుపుకి, అది ఎడారి రంగు, ఒసిరిస్‌ని చంపిన దేవుడు సేత్ రంగు.

అయినా స్కిన్ కలర్ ఏంటండీ, ఎవరి స్కిన్? క్రేయాన్ డబ్బాలో ఉండే ఆ లేత గులాబీ రంగోళ్ళు మా ఇంటిల్లిపాదిలో ఒక్కరు లేరు. కైరో మ్యూజియంలో రాహోతెప్, నోఫ్రెత్ అని మొగుడూ పెళ్ళాల విగ్రహాలున్నాయి, ఆయన ఎర్రమట్టి రంగు, ఆవిడ లేత పసుపు. మగాళ్ళకి అది, ఆడాళ్ళకి ఇది అని పద్ధతి పెట్టుకున్నారు, పాస్‌పోర్ట్ ఫోటోలు దిగలేదు. పైగా క్లాసులో మేడమ్ గారి టేబుల్ వెనకే కృష్ణుడి క్యాలెండర్ ఉందంట, నీలంగా! ఆయనకి మార్కులు తగ్గించలేదే?

నీలమంటే గుర్తొచ్చింది, లాపిస్ అనే నీలం రాయి ఈజిప్టుకి ఆఫ్ఘనిస్తాన్ నుంచి రావాలి, ఖరీదు. అందుకని వాళ్ళు ఇసుక, సున్నం, రాగి, కాస్త క్షారం కలిపి 900 డిగ్రీల అటూ ఇటూ కాల్చి నీలాన్నే తయారు చేసేసుకున్నారు, థర్మామీటర్ లేని రోజుల్లో! మనిషి కృత్రిమంగా చేసిన మొట్టమొదటి రంగుల్లో అదొకటి.

ఇవన్నీ డ్రాయింగ్ పీరియడ్‌లో చెప్పాల్సిన ముచ్చట్లు. మన డ్రాయింగ్ పీరియడ్ ఎవరు మింగారో గుర్తుందిగా? "సిలబస్ అవ్వలేదు" అంటూ మ్యాథ్స్ సార్ లోపలికి రావడం, మనం కలర్ బాక్సులు బ్యాగులో కుక్కుకోవడం. పాపం డ్రాయింగ్ సార్‌ని యాన్యువల్ డే బ్యానర్లు రాయడానికీ, ఇన్విజిలేషన్‌కీ వాడుకున్నారు, పదో తరగతికి వచ్చేసరికి టైంటేబుల్లోంచి ఆ పీరియడే లేపేశారు. ఇప్పుడేమో ప్రతి సబ్జెక్టుకీ చార్టంట, మోడలంట, రంగుల గురించి ఒక్క ముక్క చెప్పేవాళ్ళు లేరు గానీ రాత్రి తొమ్మిదింటికి థర్మకోల్ షీటు కోసం స్టేషనరీ షాపు షట్టర్ కొట్టేది మాత్రం మేము.